మోత ఆగింది సరే, ఎర్త్ పిన్ను ఏది?

ప్రశ్న: అన్నయ్య గారికి వందనాలు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె సంఘం. మందిరంలో సౌండు చూసుకునేది నేనే. ఎక్కడా నేర్చుకోలేదు, చూసి పట్టుకున్నదే. మిక్సరు వెనక గుమ్మం పక్కన ఉంటుంది, యాంప్లిఫయర్ వేదిక పక్క గదిలో ఉంటుంది. కిందటి క్రిస్మస్‌కి ప్రొజెక్టర్ కొని, పాటల ల్యాప్‌టాప్‌కి కలిపాం. అప్పటి నుంచి స్పీకర్లలో ‘బుమ్మ్’ అని ఒకటే మోత. సాయంత్రం కూడికల్లో దాని మీద ‘జుర్ర్’ అని ఇంకోటి. షాపాయన వచ్చి చూసి, యాంప్లిఫయర్ పాతదైపోయింది, మార్చాలి, 30 వేలు దాటుతుందన్నాడు. మా సంఘంలోనే ఒకాయన మిక్సరు ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేశాడు. మోత చాలావరకు పోయింది. కాకపోతే అప్పటి నుంచి పాడేవాళ్ల పెదవికి మైకు తగిలితే ఒక్కోసారి జివ్వుమంటోంది. వచ్చే నెల మందిరంలోని తొట్టిలో బాప్తిస్మాలున్నాయి. యాంప్లిఫయర్ కొనమని కమిటీకి చెప్పమంటారా?

జవాబు: తమ్ముడూ, వందనాలు. యాంప్లిఫయర్ సంగతి తర్వాత చూద్దాం. ఇది చదివిన రోజే ఆ ప్లగ్గు మార్చి, ఎర్త్ పిన్ను ఉన్నది వేయించండి. మోత మళ్లీ వస్తుంది. రానివ్వండి. బుమ్మంటున్న మైకుతో ఒక ఆదివారం గడుస్తుంది. జివ్వుమంటున్న మైకుతో మాత్రం ఒక్క పాట కూడా పాడించకండి.

పిన్ను తీసేస్తే మోత ఎందుకు ఆగిందో తెలిస్తే, దాన్ని ఎందుకు తీయకూడదో వేరే చెప్పక్కర్లేదు. మీ మిక్సరు వెనక గోడ ప్లగ్గులో ఉంది, యాంప్లిఫయర్ వేదిక పక్క గది ప్లగ్గులో ఉంది. రెండు ప్లగ్గులకీ ఎర్త్ ఉంది గానీ, ఆ రెండు ఎర్త్ వైర్లూ వేర్వేరు దారుల్లో, వేర్వేరు జాయింట్లు దాటుకుని మెయిన్ బోర్డుకి చేరతాయి. దారిలో ఒక జాయింటు తుప్పు పట్టినా చాలు, రెండు చోట్లా ఎర్త్ వోల్టేజీ ఒకేలా ఉండదు, కొంచెం తేడా వస్తుంది. రెండు చెరువుల నీటిమట్టం వేరైనప్పుడు మధ్యలో తూము తెరిస్తే నీళ్లు ఊరుకోవు కదా. ఇక్కడ తూము మీరు మిక్సరు నుంచి యాంప్లిఫయర్‌కి లాగిన వైరే. దాని షీల్డు, అంటే లోపలి వైరు చుట్టూ ఉండే అల్లిక, మిక్సరు బాడీనీ యాంప్లిఫయర్ బాడీనీ కలిపేసింది. ఇక 50 హెర్ట్జ్ కరెంటు ఆ అల్లిక మీదుగా పారుతూనే ఉంటుంది. మామూలు పి-38 జాక్ (గిటారుకి వాడే లావు పిన్ను) వేసిన సింగిల్ కోర్ వైరులో ఆ అల్లికే పాటకి కూడా తిరుగుదారి. పాట వెళ్లే దారిలోనే ఈ కరెంటూ వెళ్తుంటే స్పీకరు రెండూ కలిపి వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

మీవాడు పిన్ను తీసి ఆ లూప్‌ని ఒక చోట తెంపాడు, అందుకే మోత తగ్గింది. కానీ దాంతో మిక్సరుకి ఎర్త్‌గా మిగిలింది ఆ సన్నటి అల్లిక లాంటి దారులే. జాక్‌లో టాంకం ఊడితే అవీ పోతాయి. మైకు బాడీ మైకు వైరు షీల్డు ద్వారా మిక్సరు బాడీకి కలిసి ఉంటుంది కాబట్టి, మిక్సరు బాడీ మీద ఏ వోల్టేజీ ఉంటే పాడేవాళ్ల పెదవి మీదా అదే. మిక్సరు సప్లై నుంచి బాడీకి సన్నగా కరెంటు లీకవడం మామూలే. దాన్ని నేలకి పంపడానికే ఎర్త్ పిన్ను పెడతారు. ఇప్పుడు మీ దగ్గర జివ్వుమంటోందంటే షీల్డు దారి కూడా సరిగా లేదన్నమాట. జాక్ వదులై ఉండాలి, లేదంటే వేదిక దగ్గరి ప్లగ్గులో ఎర్త్ అంతంత మాత్రంగా ఉండాలి. ఇవాళ వస్తున్నది లీకేజీ మాత్రమే. రేపు లోపల ఫేజు వైరు ఊడి బాడీకి తగిలితే వచ్చేది నిండు 230 వోల్టులు.

బాప్తిస్మాల మాట రాశారు కాబట్టి ఇది చెప్పి తీరాలి. 2005 అక్టోబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, వేకో పట్టణంలో ఒక పాస్టర్ గారు ఆరాధన జరుగుతుండగా బాప్తిస్మపు తొట్టిలో నిలబడి మైకు సరిచేసుకోబోయి కరెంటు కొట్టి చనిపోయారు. తడిసిన ఒంటికీ పొడి ఒంటికీ కరెంటు విషయంలో పోలికే లేదు. తొట్టి దగ్గరికి వైరున్న మైకు వెళ్లకూడదు. స్టాండు మీద పెట్టి దూరంగా ఉంచినా, తొట్టిలో ఉన్నవాళ్ల చెయ్యి అందనంత దూరం కావాలి. బ్యాటరీతో నడిచే కార్డ్‌లెస్ ఉంటే అది వాడండి. అదీ తొట్టిలో ఉన్నవాళ్ల చేతికి ఇవ్వకుండా, గట్టు మీద నిలబడ్డవాళ్లు పట్టుకోవడమే మేలు. తొట్టి నీళ్లు వేడి చేయడానికి హీటరు వాడే అలవాటుంటే, జనం దిగకముందే స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, హీటరు బయటికి తీసి పెట్టాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌కి లీకవగానే సప్లై ఆపేసే స్విచ్చి, లేకపోతే పెట్టించండి. కమిటీ ముందు డబ్బు అడగాల్సిన మొదటి వస్తువు అదీ, యాంప్లిఫయర్ కాదు.

ప్లగ్గు మార్చడానికి వచ్చిన కరెంటాయన చేతే ప్రతి ప్లగ్ పాయింటూ మీటరు పెట్టి చూపించుకోండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత చూపిస్తే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే బాధ లేదు. పదులు చూపిస్తే ఎక్కడో తేడా ఉంది. ఇంకో దొంగపని కూడా ఉంటుంది: ఎర్త్ వైరు లాగడం బద్ధకమైనప్పుడు సాకెట్ వెనక న్యూట్రల్ నుంచే చిన్న ముక్క తీసి ఎర్త్‌కి కలిపేస్తారు. మీటరుకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. న్యూట్రల్ తెగిన రోజున మాత్రం అలాంటి సాకెట్లకి పెట్టిన ప్రతి ఇనుప డబ్బాకీ కరెంటు వచ్చేస్తుంది. అందుకని సాకెట్ విప్పి కళ్లతో చూడమనండి. అలాగే ఎవరైనా “సౌండుకి విడిగా వేదిక పక్కన ఇంకో ఎర్త్ రాడ్డు దింపుదాం” అంటే ఒప్పుకోకండి. పాత ఎర్త్‌కి కలపకుండా విడి ఎర్త్ వేస్తే రెండు చెరువులు మూడవుతాయి. కొత్త గొయ్యి తీసినా రెండింటినీ లావు వైరుతో కలిపి తీరాలి.

ఇక అసలు మోత. దీనికి ఒక శనివారం సాయంత్రం, ఒక మనిషి తోడు, కొంచెం ఓపిక కావాలి. యూత్ అంతా వచ్చి తలా ఒక నాబ్ తిప్పితే ఏమీ తేలదు. ఇద్దరే ఉండండి: మిక్సరు దగ్గర మీరు, వేదిక మీద ఇంకొకరు.

ముందు ఆ బుమ్మనే మోత ఏ స్వరంలో ఉందో వినండి. కీబోర్డు వాయించేవాళ్లని పిలిచి, 61 కీల కీబోర్డు అయితే ఎడమ చివరి నుంచి వచ్చే మొదటి ‘జి’ నొక్కమనండి. అది 98 హెర్ట్జ్. ఆక్టేవ్ బటన్‌తో ఒక మెట్టు దించి అదే కీ నొక్కితే 49 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. మీ మోత ఈ రెండు ‘జి’లలో దేనికైనా ఇంచుమించు శ్రుతి కలిస్తే అది కరెంటు లైను నుంచి వస్తున్నదే. కలవకపోతే వేరే చోట వెతకాలి. కాలమ్ స్పీకర్లు 50ని సరిగా పలకలేవు కాబట్టి 50 ఏదో 100 ఏదో చెవితో తేల్చేయకండి. కరెంటు మోతా కాదా అన్నంత వరకే ఈ పరీక్ష.

ఇప్పుడు ఫ్యాన్లు, అలంకరణ లైట్లు అన్నీ ఆపి, సౌండు మాత్రం ఆన్ చేయండి. మిక్సరులో మాస్టర్ ఫేడర్, అంటే మొత్తం సౌండుని పెంచి తగ్గించే జారుడు మీట, పూర్తిగా కిందికి దించండి. మోత అలాగే ఉందా? ఉంటే అది మాస్టర్ దాటాక కలుస్తోంది, అంటే యాంప్లిఫయర్‌కి వెళ్లే వైరు దగ్గరో, యాంప్లిఫయర్ లోపలో. ఫేడర్‌తో పాటు మోత కూడా దిగిపోతే అది మాస్టర్ కంటే ముందు, ఏదో ఒక ఛానెల్లోంచి వస్తోంది. మొత్తం సిస్టంని రెండు ముక్కలు చేసే ఈ ఒక్క ఫేడర్ సగం వెతుకులాట తప్పిస్తుంది. దీని జోలికి పోకుండానే సామాను మార్చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాస్టర్ దించినా మోగితే: యాంప్లిఫయర్ వాల్యూమ్ సున్నాకి తెచ్చి, మిక్సరు నుంచి వచ్చే జాక్ పీకేయండి. దాని స్థానంలో ఖాళీ పి-38 జాక్ ఒకటి పెట్టండి. లోపల రెండు కాళ్లనీ టాంకంతో కలిపేసిన జాక్ అన్నమాట. రేడియో సామాన్ల కొట్లో జాక్ దొరుకుతుంది, టాంకం మీరే వేసుకోవచ్చు. ఇన్‌పుట్‌ని ఉత్తినే వదిలేస్తే అదే ఏరియల్‌లా మోత పట్టుకుని మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది, అందుకే ఈ జాక్. ఇప్పుడు వాల్యూమ్ మామూలు స్థాయికి పెంచండి. ఇంకా బుమ్మంటే లోపం యాంప్లిఫయర్‌లోనే. అప్పుడు కూడా మార్చేయాలని కాదు. పాత యాంప్లిఫయర్లలో సప్లై ఫిల్టర్ కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి, ఆ మోత 100 హెర్ట్జ్‌లో వస్తుంది. కెపాసిటర్లు మార్పిస్తే సరిపోతుంది, ఖర్చు కొత్త యాంప్లిఫయర్‌లో పిసరంత. ఒక్క జాగ్రత్త, ప్లగ్గు పీకాక కూడా వాటిలో కరెంటు నిలవ ఉంటుంది. మూత మీరు విప్పకండి, మెకానిక్ చేతికివ్వండి.

ఆ జాక్ పెట్టగానే నిశ్శబ్దమైపోతే యాంప్లిఫయర్ నిర్దోషి. షాపాయన్ని పిలిచి అదే వినిపించండి.

మీ ఉత్తరం చదివితే నాకు ప్రొజెక్టర్ మీదే అనుమానం. అది వచ్చినప్పుడే మోత కూడా వచ్చిందని మీరే రాశారు. ప్రొజెక్టర్ సీలింగుకి ఉంటుంది, దానికి మూడో చోట ప్లగ్గు. దాని బాడీ హెచ్‌డీఎంఐ కేబుల్ షీల్డు ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిసింది, ల్యాప్‌టాప్ ఈపీ పిన్ను (హెడ్‌ఫోన్ పిన్ను) వైరుతో మిక్సరుకి కలిసింది, మిక్సరు యాంప్లిఫయర్‌కి కలిసింది. మందిరం చుట్టూ పెద్ద చక్రం తిరిగింది చూశారా! మాస్టర్ పైకి ఎత్తి, ల్యాప్‌టాప్ ఛానెల్ ఒక్కటే తెరిచి, తోడున్న మనిషిని హెచ్‌డీఎంఐ కేబుల్ పీకమనండి. టక్కున ఆగితే ప్రొజెక్టరే. ఆగకపోతే కేబుల్ మళ్లీ పెట్టి, ఈసారి ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి. దాంతో ఆగితే ఛార్జరు. ఛార్జరు మోతకి ఒక గుర్తుంది: బుమ్మనేదానితో పాటు సన్నగా కీచుమంటుంది, మౌస్ కదిపినప్పుడల్లా ఆ కీచు మారుతుంది. చాలా మందిరాల్లో రెండూ కలిసే ఉంటాయి, కాబట్టి ఒకటి దొరకగానే ఆపేయకుండా రెండోదీ చూడండి.

దీనికి మందు చిన్నది. ల్యాప్‌టాప్‌కీ మిక్సరుకీ మధ్య గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా పెట్టాలి. లోపల ఉండేది రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. పాట అయస్కాంతం మీదుగా అవతలికి దాటుతుంది, రాగి వైరు మాత్రం అక్కడ తెగిపోతుంది కాబట్టి ఎర్త్ కరెంటు దాటలేదు. కార్లలో ఆడియోకి వాడే రకం వందల రూపాయల్లోనే వస్తుంది. మరీ చవకదైతే కింది బేస్ కొంచెం పలచబడుతుంది, పాటల ట్రాకులకి అది పెద్ద లోటు కాదు. చేతిలో డబ్బుంటే ఇదే పని ఇంకా బాగా చేసే డబ్బా, రెండు ఛానెళ్ల పాసివ్ డీఐ బాక్స్ కొనండి. దాని మీద ‘గ్రౌండ్ లిఫ్ట్’ అని ఒక స్విచ్చి ఉంటుంది. అది తెంపేది సిగ్నల్ షీల్డుని, కరెంటు ఎర్త్‌ని కాదు, ధైర్యంగా నొక్కండి. మీవాడికి కావాల్సింది ఈ స్విచ్చే. దొరక్క ప్లగ్గు పిన్ను మీద పడ్డాడు.

అయితే డబ్బా కంటే ముందు డబ్బు ఖర్చు కాని పని ఒకటుంది. సౌండుకి సంబంధించిన ప్రతి వస్తువుకీ కరెంటు ఒకే చోట నుంచి ఇవ్వండి. యాంప్లిఫయర్ ఉన్న గదిలోని మంచి 16 యాంపుల ప్లగ్గు నుంచి, ఎర్త్ వైరుతో సహా మూడు వైర్లున్న మందపాటి కేబుల్ ఒకటి మిక్సరు బల్ల దాకా లాగించండి. మిక్సరు, ల్యాప్‌టాప్, వీలైతే ప్రొజెక్టర్ కూడా దాని మీదే పెట్టండి. మిక్సరు, ల్యాప్‌టాప్, కీబోర్డు మూడూ కలిపినా రెండు మూడు సీలింగ్ ఫ్యాన్లంత కరెంటే తీసుకుంటాయి, లోడ్ గురించి భయం లేదు. అన్నిటి ఎర్తూ ఒకే చోట కలిస్తే తేడాకి తావుండదు. పైగా మందిరానికి త్రీ ఫేజు కనెక్షన్ ఉంటే వెనక గోడ ఒక ఫేజు మీద, వేదిక ఇంకో ఫేజు మీద ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి రెండు ఫేజుల మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటుంది. ఒకే వేదిక మీద రెండు ఫేజుల సామాను ఉంచకపోవడమే క్షేమం.

మిక్సరు నుంచి యాంప్లిఫయర్‌కి వెళ్లే పొడవాటి వైరు కూడా మార్చాలి. ఇప్పుడున్నది ఒక కోరు, ఒక షీల్డు అయ్యుంటుంది. రెండు కోర్లు, విడిగా షీల్డు ఉన్న మైకు కేబుల్ తీసుకోండి. దీనికి వేసే మూడు కాళ్ల పిన్నుని మన కొట్లలో క్యానన్ పిన్ను అంటారు. 1వ కాలు షీల్డు, 2, 3 కాళ్లు కోర్లు. రెండు కోర్ల మీదా పాట ఒకదానికొకటి తిరగేసి వెళ్తుంది. దారిలో మోత పడితే రెండింటి మీదా ఒకేలా పడుతుంది. అవతల యాంప్లిఫయర్ రెండింటి తేడా మాత్రమే తీసుకుంటుంది కాబట్టి పాట మిగులుతుంది, మోత కొట్టుకుపోతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ పద్ధతి అంటారు, మంచి మైకులన్నీ ఇలాగే పనిచేస్తాయి. మైకు నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు, దాన్ని మిక్సరు వందల రెట్లు పెంచాలి. మోత కూడా దాంతో పాటు పెరిగితే ఇక చెప్పేదేముంది! మీ యాంప్లిఫయర్ వెనక క్యానన్ సాకెట్ గానీ, ‘బ్యాలెన్స్‌డ్’ అని రాసిన ఇన్‌పుట్ గానీ ఉందేమో చూడండి. ఉంటే నేరుగా పెట్టొచ్చు. లేకపోతే యాంప్లిఫయర్ దగ్గరే లైన్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దాంట్లోంచి ఇవ్వండి. బ్యాలెన్స్‌డ్ వైరు వేశాక కూడా సన్నగా మోత మిగిలితే, యాంప్లిఫయర్ వైపు పిన్నులో 1వ కాలి దగ్గర షీల్డు విప్పేసి చూడండి. లైను వైరుకి అది ఒప్పే, మైకు వైర్లకి మాత్రం చేయకండి.

వైరు వెళ్లే దారి కూడా చూడండి. కరెంటు వైర్లున్న పైపులోనే మైకు వైరు కూడా దూర్చేస్తుంటారు, గోడ పాడవకూడదని. మైకు వైరు విడిగా, కరెంటు వైరుకి కనీసం అడుగు దూరంలో వెళ్లాలి. రెండూ ఎదురుపడక తప్పని చోట అడ్డంగా దాటించండి, పక్కపక్కన పడుకోబెట్టకండి. మిగిలిన వైరుని చుట్ట చుట్టి స్పైక్ బస్టర్ మీద పెట్టే అలవాటుంటే అదీ మానండి.

సాయంత్రం వచ్చే ‘జుర్ర్’ వేరే జబ్బు. బుమ్మ్ గుండ్రంగా ఉంటుంది, ఇది గరుకుగా ఉంటుంది. పగలు లేకుండా చీకటి పడ్డాకే వస్తోందంటే లైట్లని అనుమానించాలి. వేదిక ఫోకస్ లైట్లకి డిమ్మర్లు, సిలువ చుట్టూ ఎల్‌ఈడీ పట్టీలు, వాటి చవక సప్లైలు. ఒక్కొక్కటే వేస్తూ వినండి, దొంగ దానంతటదే బయటపడుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్లనీ వదలకండి. మెట్టు మెట్టుకీ టక్ టక్ మని ఆగే రకంలో కెపాసిటర్లుంటాయి, అవి సాధారణంగా గొడవ చేయవు. టక్కు లేకుండా నున్నగా తిరిగే రకం మాత్రం సెకనుకి 100 సార్లు కరెంటుని కోస్తుంది, ఆ కోతే స్పీకర్లో జుర్రుమంటుంది. గుర్తు ఏమిటంటే ఫ్యాను పూర్తి స్పీడులో పెడితే తగ్గుతుంది, ఆపితే పోతుంది, మధ్య స్పీడులోనే ఎక్కువ. అలాంటివి దొరికితే మెట్ల రకం పెట్టించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడు మాత్రమే జుర్రుమంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, సౌండుకి సైన్ వేవ్‌దే పనికొస్తుంది.

మీరు అడగలేదు గానీ రేపు అడుగుతారు: ‘స్స్’ అనే బుస. అది ఎక్కువగా వైర్ల వల్ల కాదు, నాబ్‌ల వల్ల వస్తుంది. ఛానెల్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని మొదట పెంచే నాబ్) అడుగున ఉంచి, యాంప్లిఫయర్ వాల్యూమ్ నిండా తిప్పి పెడితే బుస రాక ఏమవుతుంది? పాస్టర్ గారు గట్టిగా మాట్లాడేటప్పుడు మిక్సరు మీటరు ‘0’ అని రాసిన గుర్తు దగ్గర ఆడేలా గెయిన్ పెట్టి, యాంప్లిఫయర్‌ని తగ్గించండి. వాడని మైకుల ఛానెళ్లు మ్యూట్‌లో పెట్టండి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ మైకు కూత (ఫీడ్‌బ్యాక్) రాకుండా పెంచుకోగల వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మధ్యలో ‘టిక్ టిక్ ట్ర్ర్ర్’ మంటే ఎవరో కీప్యాడ్ ఫోను మిక్సరు పక్కన పెట్టారని అర్థం. 2జీ సిగ్నల్ అలా వినిపిస్తుంది, ఫోను నాలుగడుగులు జరిపితే పోతుంది. కార్డ్‌లెస్ మైకు ఒకప్పుడు బాగా పనిచేసి, ఈ మధ్య కొన్నేళ్లుగా తెగిపోతూ బుసకొడుతుంటే దాని మీద రాసిన ఫ్రీక్వెన్సీ చూడండి. 2022 వేలం తర్వాత 700 మెగాహెర్ట్జ్ పట్టీ 5జీకి వెళ్లిపోయింది. 703 నుంచి 803 మధ్యలో పనిచేసే పాత సెట్లు చాలావరకు టవర్లతో పోటీ పడలేవు. వాటికి మరమ్మతు లేదు.

కమిటీకి చెప్పాల్సింది ఇది: ముందు కరెంటాయన కూలి, ప్లగ్గు, ఆర్‌సీసీబీ. తర్వాత మిక్సరుకి కరెంటు కేబుల్, ఒక ఐసోలేటర్, రెండు కోర్ల మైకు కేబుల్, రెండు క్యానన్ పిన్నులు. షాపాయన చెప్పిన 30 వేలతో పోలిస్తే ఇది చిన్న మొత్తం. షార్ట్ చేసిన జాక్ పెట్టినా యాంప్లిఫయర్ మోగితేనే దాని ఊసు ఎత్తండి, అదీ కెపాసిటర్లు మార్పించాకే. కేబుల్ మీటర్ల లెక్కన కొనేముందు గోడ వెంబడి, గుమ్మం పైనుంచి టేపు పెట్టి కొలవండి. నేల మీద తిన్నగా కొలిచి కొంటే గుమ్మం దగ్గరే వైరు చాలక, మధ్యలో అతుకు వేయాల్సి వస్తుంది.